నాన్న పేరు ఎవరి దగ్గర ఉంది?

జనవరి 12

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. నేను కులాసాగానే ఉన్నాను. చెవి మిషను మాత్రం కీచురాయిలా కూస్తూనే ఉంది. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా నేను "ఊఁ, ఊఁ" అని పెట్టేసేది అందుకే. కోపం తెచ్చుకోకు. కాగితం మీదైతే నువ్వు గొణగలేవు, నేను తప్పుగా వినలేను. మనిద్దరికీ ఉత్తరాలే నయం.

నువ్వు పంపిన పెద్దమనిషి నిన్న వచ్చాడు. నలగని చొక్కా, చేతిలో మూడు ఫోన్లు. ప్రతిదానికీ "నిమిషంలో అయిపోతుందమ్మా" అన్నాడు. వెబ్‌సైటు నిమిషంలో, ఫొటోలు నిమిషంలో, పదిరోజుల్లో ఎవరు వెతికినా అందరికంటే పైన మన దుకాణమే. అలా నిమిషం నిమిషం అంటూనే మూడు గంటలు కూర్చున్నాడు. పక్కనున్న మందుల షాపావిడా నేనూ కలిసి ఆయనకి నిమిషంగారు అని పేరు పెట్టేశాం.

ఆయనకి మన పని తెలియాలి కదా అని అలమర తెరిచి, ఒక్కొక్కరి కాలి కొలతకి చెక్కి వాటి మీద బూట్లు కుట్టే చెక్క పాదాలన్నీ చూపించాను. ఈయనకి ఎడమ కాలు రెండు వేళ్ళ మందం పొట్టి, ఈమెకి పాదం లోపలికి తిరిగి ఉంటుంది, వీళ్ళకి బజార్లో ఏ బూటూ సరిపోదు, అలాంటివాళ్ళకే మేం కుడతాం అని చెప్పాను. మొదట నాన్న, తరవాత ముప్ఫై ఏళ్ళుగా నేను, బోర్డు మీద పేరు ఇప్పటికీ నాన్నదే అన్నాను. మన దగ్గరికి మనుషుల్ని పంపే ఎముకల డాక్టరు ఊరు మారిపోయాక వచ్చేవాళ్ళు తగ్గారనీ, దూరాన ఉన్నవాళ్ళు ఆ కాళ్ళతో ఇంతదాకా రాలేరనీ, అందుకే ఈ ఇంటర్నెట్ ఆలోచన అనీ చెప్పాను. అన్నీ విని, "కథ బాగుందమ్మా, బాగా అమ్ముడుపోతుంది" అన్నాడు. కథ కాదు నాయనా, బూట్లు అమ్మాలి అన్నాను. నవ్వాడు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. వెళ్ళేముందు, "మీ దోమ నా దగ్గర భద్రంగా ఉంటుందమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. నా దోమ ఆయనకెందుకు? రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ దోమే అన్నాడు. మూడోసారి అడగడానికి మొహమాటం వేసింది.

కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. చిన్న చిన్న అక్షరాలు, నాలుగు పేజీలు. చదువుదామనుకున్నాను గానీ కింద సాక్షి సంతకం నీది అప్పటికే ఉంది. నువ్వు చదివావు కదా, ఇక నాకెందుకు అని పెట్టేశాను. కాపీ మెయిల్లో వస్తుందన్నాడు. నాకు మెయిల్ లేదన్నాను. నిమిషంలో చేసిపెట్టాడు. దాని పాస్‌వర్డు కూడా ఆయన దగ్గరే ఉందట, నేను మర్చిపోతానని.

మరదలికి నడుము నొప్పి తగ్గిందా?

నీ అక్క

జనవరి 21

అక్కా,

నమస్కారం. నీ ఉత్తరం మీ మరదలే చదివి వినిపించింది. దోమ దగ్గర ఆవిడ నవ్వలేక చచ్చింది. దోమ కాదక్కా, డొమైన్. ఇంటర్నెట్లో మన దుకాణం పేరు అన్నమాట. వీధిలో బోర్డు ఉన్నట్టు అక్కడ ఆ పేరు ఉంటుంది. అది ఆయన దగ్గరుంటే ఏం, మన దగ్గరుంటే ఏం? బోర్డు మీద నాన్న పేరుంటే చాలదూ?

పాతికేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. కొత్తగా స్టీరింగు పట్టుకున్నవాళ్ళందరూ నీలాగే బ్రేకు మీంచి కాలు తియ్యరు. తియ్యాలి. తీస్తేనే బండి కదులుతుంది. నిమిషంగారు (పేరు భలే పెట్టారు) మా డ్రైవింగ్ స్కూలుకి కూడా చేశాడు. తను చేసిన వెబ్‌సైట్లు పదిహేను నాకు ఫోన్లో తిప్పి తిప్పి చూపించాడు. రొట్టెల దుకాణం, కళ్ళజోళ్ళ షాపు, ఇంకా ఏవేవో. రంగులు ధగధగలాడిపోతున్నాయి. అంతమందికి చేసినవాడు మనకి చెయ్యలేడా?

ఇక్కడ నా సంగతి ఏమీ లేదు. ఈ నెల నుంచి నన్ను బండిలో పంపడం లేదు, ఆఫీసులో కూర్చోబెట్టారు. రాకపోకలు చూసుకోవాలి.

మీ మరదలి నడుము అలాగే ఉంది. నీకు నమస్కారాలు చెప్పమంది.

తమ్ముడు

ఫిబ్రవరి 16

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

ముందు నీకు శుభాకాంక్షలు. ఆఫీసులో కూర్చోబెట్టారంటే ప్రమోషనే కదా, అంత పొడిగా రాస్తావేం? నేను వీధంతా చెప్పేశాను. మందుల షాపావిడ తలనొప్పి బిళ్ళల పెట్టె తెరిచి చాక్లెట్టు ఇచ్చినట్టు ఒకటి చేతిలో పెట్టింది, ఇక నీ తమ్ముడికి ఇవే అవసరం అని.

ఇక వెబ్‌సైటు. వచ్చింది. మందుల షాపావిడే తన ఫోన్లో చూపించింది. మొదటి పేజీలో తెల్లగడ్డం ముసలాయన ఒకాయన సుత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. ఎవరీయన అని అడిగితే, "మీ నాన్నగారేమో అనుకున్నాను" అంది ఆవిడ. నాన్నకి గడ్డం ఎప్పుడుందిరా? ఆ సుత్తి కూడా మేకులు కొట్టే వడ్రంగి సుత్తి. కింద ఉన్న బూట్లలో ఒక్క జతా నాది కాదు. అన్నీ రెండు పక్కలా సమానంగా ఉన్నాయి. సమానమైన కాళ్ళున్నవాళ్ళు నా దగ్గరికెందుకు వస్తారు?

ఇంకా కిందికి జరిపితే నలభైమంది పొగడ్తలు. ఒకావిడ పదేళ్ళుగా మన దగ్గరే కొంటోందట. ఒకాయన మా అబ్బాయి మీ బూట్లు వేసుకుని పరుగుపందెం గెలిచాడని రాశాడు. నేను వెయ్యిమందికైనా కుట్టి ఉంటాను, ప్రతి పాదం గుర్తుంటుంది నాకు. మనిషి పేరు మర్చిపోతానేమో గానీ మడమ మర్చిపోను. ఈ నలభైమందీ ఎవరు?

ఫోన్ నంబరు కూడా మనది కాదు. నిమిషంగారు వస్తే మందుల షాపావిణ్ణి పక్కన పెట్టుకుని అడిగాను. "అనవసరమైనవాళ్ళంతా మిమ్మల్ని విసిగించకుండా నేను వడపోస్తానమ్మా" అన్నాడట. వడపోసి వడపోసి నాకు ఇంతవరకూ ఒక్క మనిషినీ పంపలేదు. నెల రోజుల నుంచీ పాత మనుషుల బూట్లకి మడమలు మార్చడమే పని.

వెళుతూ ఇంకో మాటన్నాడు. "ఎలాగూ మీ తరవాత దుకాణం మీ తమ్ముడుగారే చూసుకుంటారు కదమ్మా, నేను ఆయనతో మాట్లాడుకుంటాలెండి" అన్నాడు. ఈ మాట ఎప్పుడు అనుకున్నారు మీరిద్దరూ? నేను తప్పుగా విన్నానా? దోమలాగే ఇది కూడా ఇంకేదైనా అయితే చెప్పు.

నీ అక్క

ఫిబ్రవరి 25

అక్కా,

నమస్కారం. నీ ఉత్తరం రాగానే ఆయనతో మాట్లాడాను. ఆయన చెప్పేదీ నువ్వు రాసేదీ ఎక్కడా అతకడం లేదు.

ఆ ఫొటో నీకు చూపించే పెట్టాడట. బాగుందని తలూపావట. నంబరు సంగతీ చెప్పాడట, దానికీ తలూపావట. వినపడకపోతే వినపడలేదని చెప్పాలి గానీ తలూపితే ఎలా అక్కా? పొగడ్తలు అందరూ అలాగే పెడతారట, మొదట్లో నాలుగు కట్టెలు పేరిస్తేనే కదా మంట అంటుకునేది అన్నాడు.

మనుషులు రావడం లేదన్నావు. నాకు అస్సలు అర్థం కానిది అదే. ఆయన తన ఫోన్లోంచి నాకు ఆర్డర్లు చదివి వినిపించాడు. పంతొమ్మిది! అందులో పదకొండు పంపించేశారట. నువ్వు కుట్టకుండా అవి ఎలా వెళతాయి? కుట్టి పంపి మర్చిపోయావా? తప్పుగా అనుకోకు, అడగక తప్పడం లేదు. ఈ మధ్య నీ ఉత్తరాల్లో మీ మరదలి నడుము గురించి అడుగుతావు, ఫోన్లో మళ్ళీ అదే అడుగుతావు, జవాబు చెప్పాక మళ్ళీ అడుగుతావు. ఒకసారి డాక్టరుకి చూపించుకో.

నీ తరవాత దుకాణం సంగతి ఏదో మాటల్లో వచ్చింది. కలిసినప్పుడు చెబుతాను. ఉత్తరంలో రాసేది కాదు.

ప్రమోషన్ సంగతి వీధంతా చెప్పకు.

తమ్ముడు

మార్చి 9

తమ్ముడూ,

ఆశీస్సులు తరవాత. ముందు ఒక్క మాటకి జవాబు చెప్పు. నేను నీకు మతి చెడినదానిలా కనిపిస్తున్నానా?

నేను నడుము గురించి మళ్ళీ మళ్ళీ అడిగేది నువ్వు ఫోన్లో చెప్పిన జవాబు వినపడక. పోనీలే.

మొన్న ఒకావిడ వచ్చింది. బస్సు కండక్టరు. ఒక చేతికి కట్టు, రెండో చేతిలో సంచీ. సంచీ తెచ్చి నా బల్ల మీద బోర్లించింది. ఒక జత నల్ల బూట్లు. నోరు కదులుతోంది, మొహం ఎర్రగా ఉంది, నాకు సగం మాటలే అందుతున్నాయి. మందుల షాపావిడ పరిగెత్తుకొచ్చి చెప్పింది. ఆ కండక్టరుకి ఎడమ కాలు పొట్టి. మన వెబ్‌సైట్లో చూసి, కాగితం మీద రెండు పాదాలూ గీసి, కొలతలన్నీ పంపిందట. వచ్చిన బూట్లలో ఎత్తు కుడిదానికి ఉంది! పొట్టి కాలు మరీ పొట్టి అయింది. మొదటి రోజే బస్సు మెట్ల మీంచి పడి మణికట్టు విరిగింది.

బూటు తిప్పి చూశాను. లోపల నాన్న పేరు.

తమ్ముడూ, ఆవిణ్ణి కూర్చోబెట్టి అలమర మొత్తం వెతికాను. ఆవిడ చెక్క పాదం లేదు. నేను కుడితే చెక్క పాదం ఉండి తీరాలి కదా? కానీ నీ ఉత్తరం జేబులోనే ఉంది. కుట్టి పంపి మర్చిపోయావా అని రాశావు. నిజంగానే మర్చిపోయానా? చెక్క పాదం ఎక్కడైనా పారేశానా? ఎడమ కుడి కూడా తెలియని స్థితికి వచ్చేశానా? ఆవిడ ముందే కూర్చుని నా చేతులకేసి చూసుకున్నాను.

"మీతో ఫోన్లో మాట్లాడాను కదండీ! మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, మీ కాలు నా కాలు అనుకుంటాను అన్నారు మీరే!" అంది ఆవిడ.

"ఫోన్లోనా? నాకు వినపడదమ్మా," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. నేనైనా నమ్మను. తప్పు చేసినవాళ్ళందరికీ ఉన్నట్టుండి చెవుడు వస్తుంది.

ఆవిడ వెళ్ళాక ఒక బూటు విప్పాను. ఎత్తుకోసం లోపల పెట్టింది తోలు కాదు, చెక్క కాదు. అట్టముక్కలు! జిగురుతో ఒకదానిమీద ఒకటి అంటించినవి. తడిస్తే పేస్టయిపోతాయి. అప్పుడు కాస్త ఊపిరి వచ్చింది. నాకు మతి పోతే పోవచ్చు గానీ, నా చేతులు అట్ట పెట్టవు.

మరి ఎవరు చేశారు? నాన్న పేరు వేసి, నా గొంతుతో మాట్లాడి? ఫోన్లో మాట్లాడిన ఆ నేను ఎవరు? ఈ పని గురించి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు నిమిషంగారు. రెండోవాడివి నువ్వు. కాగితం మీద ముందు పడ్డ సంతకం నీది. నా తరవాత దుకాణం నీదని మాట్లాడుకున్నదీ నువ్వే. ఉత్తరంలో రాసేది కాదంటావు. ఏమిటిరా అది? నాన్న పేరు అమ్మేశావా?

అక్క

మార్చి 12

తమ్ముడూ,

మొన్నటి ఉత్తరం పెట్టెలో పడేసి ఇంటికి వచ్చేలోపే తప్పు చేశానని తెలిసింది. వెనక్కి వెళ్ళాను. పెట్టెలో చెయ్యి పట్టలేదు. అది నీకు అందితే చించెయ్యి. అందకపోతే వచ్చాక తెరవకు. తెరిచేసి ఉంటే చివరి నాలుగు వరుసలూ చదవకు.

కండక్టరు పోలీసులకి చెబుతానంది. చెప్పమన్నాను. నేను కుట్టినా కుట్టకపోయినా బూటులో ఉన్నది మన పేరే.

నీ అక్క

మార్చి 14

అక్కా,

నాన్న పేరు అమ్మేశావా అని అడిగావు. నాన్న నీకొక్కదానికే నాన్న కాదు.

నీకు మంచి జరగాలని తెలిసినవాణ్ణి పంపాను. నేను అంతకంటే ఏం చేశాను? వెబ్‌సైటు గురించి నీకు తెలిసినంతే నాకూ తెలుసు, నీ దగ్గర కాస్త ఎక్కువ తెలిసినట్టు నటించాను, అంతే. చిన్నప్పుడు నాన్న సూది పోయినప్పుడు కూడా నన్నే అడిగావు. అది నీ కొంగుకే ఉంది.

ఇంతకంటే రాస్తే ఏదైనా అనేస్తాను. ఉంటాను.

తమ్ముడు

మార్చి 28

అక్కా,

నీ పన్నెండో తేదీ ఉత్తరం నా పద్నాలుగో తేదీ ఉత్తరం పెట్టెలో పడ్డాక వచ్చింది. ఇద్దరం ఒకేలాంటివాళ్ళం. నాకూ ఆ పెట్టెలో చెయ్యి పట్టలేదు.

కోపం తగ్గాక, చెయ్యాల్సిన పని ఒకటి ఉందని తోచింది. మొదటిరోజు చెయ్యాల్సింది. ఆయన చూపించిన పదిహేను దుకాణాల్లో ఎవరినైనా ఒక్కర్ని అడిగానా? రంగులు చూసి మురిసిపోయాను గానీ. రొట్టెల దుకాణానికి వెళ్ళాను. ఆయనెవరో మాకు తెలియదు, మా వెబ్‌సైటు మా అమ్మాయి చేసింది అన్నారు. కళ్ళజోళ్ళ షాపాయన లోపలికి పిలిచి కూర్చోబెట్టి, "మిమ్మల్ని కూడానా?" అన్నాడు. తన వెబ్‌సైటు పేరు నిమిషంగారి పేరున ఉందట, రెండేళ్ళుగా వెనక్కి ఇవ్వడం లేదట. తరవాత మా స్కూలు ఓనర్ని అడిగాను. ఫోన్ చేసిన విద్యార్థులు వేరే స్కూలుకి వెళ్ళిపోతున్నారని ఆయనా తల పట్టుకుని ఉన్నాడు.

అక్కణ్ణుంచి నేరుగా నిమిషంగారి ఆఫీసుకి వెళ్ళాను. కింద బోర్డు లేదు. రెండో అంతస్తులో ఒక గది. ఆయన లేడు. తలుపు దగ్గర బల్ల ముందు చెవులకి ఫోన్ తగిలించుకుని ఒకావిడ కూర్చుంది, నలభై ఏళ్ళుంటాయి. నన్ను చూసి కూర్చోమని సైగ చేసి మాట్లాడుతూనే ఉంది. "అవునమ్మా, మా నాన్నగారి దగ్గరే నేర్చుకున్నాను. ముప్ఫై ఏళ్ళయింది. మీ కాలు నా కాలు అనుకుంటాను" అంటోంది.

అక్కా, అది నువ్వే. నీ మాటలే. గొంతు మాత్రం వేరు. ఆ ఫోన్ పెట్టి ఇంకోటి ఎత్తి, "చెప్పండి సార్, మా దగ్గర కళ్ళు పరీక్ష చేసి ఇస్తాం" అంది. బల్ల మీద ఒక్కో దుకాణానికి ఒక్కో కాగితం అంటించి ఉంది. ఫోన్ ఫోన్‌కీ వాటిలో ఒకటి చూసి చదువుతోంది. మొదట చదివినవన్నీ ఆయనకి నువ్వు అలమర తెరిచి చెప్పిన మాటలే.

ఈలోగా ఆయన వచ్చాడు. ఏమాత్రం తడబడలేదు. "మీ అక్కగారు వారానికి ఒక జత కుడతారండీ, వచ్చే ఆర్డర్లకి అది చాలుతుందా? ఫ్యాక్టరీలో చేయిస్తున్నాం. కాగితంలో రాసే ఉంది" అన్నాడు. పేరు మాకు ఇచ్చెయ్యండి అన్నాను. "మీ నాన్నగారి పేరు మీదేనండీ, కాదన్నానా? వెబ్‌సైటు పేరు నాది. సాక్షి సంతకం మీరే పెట్టారు, చూసుకోండి" అని కాగితం నా ముందు పెట్టాడు.

చూసుకోలేకపోయాను.

ఇప్పుడు ఉత్తరంలో రాసేది కాదన్న సంగతి రాస్తాను. నా చూపు మధ్యలో మసక పట్టేసింది. పక్కల కనిపిస్తుంది, సరిగ్గా ఎదురుగా ఉన్నది కనిపించదు. డిసెంబరులో కంటి పరీక్షలో తప్పాను. నాది ప్రమోషన్ కాదు. బండి ఇవ్వడం మానేశారు, జాలిపడి ఆఫీసులో కూర్చోబెట్టారు, అదీ ఈ ఏడాది వరకే. ఆ నాలుగు పేజీలూ నా ముందు పెట్టినప్పుడు నాకు బూడిద చల్లినట్టు కనిపించాయి. చదివి పెట్టమని ఎవరినైనా అడగడానికి సిగ్గేసి సంతకం పెట్టేశాను. నువ్వేమో నా సంతకం చూసి పెట్టావు. గుడ్డివాడు దారి చూపించాడు, చెవిటిది తలూపింది. నవ్వొస్తే నవ్వుకో, నాకు ఇంకా రావడం లేదు.

ఇక్కడి ఉద్యోగం పోయాక నీ దగ్గరికి వచ్చి ఏదో ఒక పని చేస్తానని ఒకసారి ఆయనతో అన్న మాట నిజం. "మీ తరవాత" అన్నది ఆయన చేర్చుకున్నదే. ఆ కాగితం నకలు పట్టుకునే బయటికి వచ్చాను. మీ మరదలు కూర్చుని మొత్తం చదివి వినిపించింది, ఈ ఉత్తరం కూడా నేను చెబుతుంటే ఆవిడే రాస్తోంది. కళ్ళజోళ్ళాయనా, మా ఓనరూ, నేనూ కలిసి పోలీసులకి రాసిచ్చాం.

నన్ను క్షమించు అని రాయమంటే మీ మరదలు రాయడం లేదు, అది నువ్వే ఎదురుగా వెళ్ళి చెప్పు అంటోంది.

తమ్ముడు

ఏప్రిల్ 19

చిరంజీవి తమ్ముడికీ, చదివి వినిపిస్తున్న మరదలికీ ఆశీస్సులు.

ముందు నీ కళ్ళ సంగతి. డిసెంబరు నుంచి మార్చి ఆఖరు దాకా దాచావు. నేను చెవి మిషను కొన్ననాడే నీకు చెప్పానే! ఆ ఉత్తరం అందాక ఒకరోజు దుకాణం తెరవలేదు. రెండోరోజు ఎవరో తలుపు కొడుతున్నారని మందుల షాపావిడ చెబితే తెరిచాను.

పేరు ఇంకా ఆయన దగ్గరే ఉంది. పేర్లు నమోదు చేసే సంస్థకి కూడా అర్జీ పెట్టాం, నెలలు పడుతుందన్నారు. రాకపోయినా రాకపోవచ్చట. అది నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు. నాన్న తన చేత్తో చెక్కి పెట్టుకున్న బోర్డు నా తల మీద ఉంది, ఆ పేరేమో ఇంకొకడిది అంటారు. పోనీ, మన పేరుకి ముందు వీధి పేరు చేర్చి కొత్తది తీసుకున్నాం. ఇది నా పేరున, నా మెయిల్ మీద, పాస్‌వర్డు నా దగ్గర. చేసిన ఆవిడ దగ్గర లేదు.

ఆ ఆవిణ్ణి ఎలా నమ్మానో చెబుతాను. మందుల షాపావిడ ముగ్గుర్ని పిలిపించింది. ఇద్దరు మళ్ళీ మొదటి స్థానం, పదిరోజులు అన్నారు. వాళ్ళకి టీ ఇచ్చి పంపించేశాను. ఈవిడ మాత్రం, "పైన వస్తుందని నేను మాట ఇవ్వలేనండీ, ఎవరూ ఇవ్వలేరు. ముందు మీరేం కుడతారో చూపించండి" అంది. అప్పటికీ నమ్మలేదు నేను. తను పని చేసిపెట్టినవాళ్ళలో ముగ్గురి చిరునామాలు అడిగి తీసుకుని, ఇద్దరి దగ్గరికి నడిచి వెళ్ళాను. కాగితం ఒకటే పేజీ, పెద్ద అక్షరాలు. మందుల షాపావిడ గట్టిగా చదివింది, నేను మళ్ళీ చదివాను, కాపీ చేతికి వచ్చాకే సంతకం. మొదటి పేజీలో గడ్డం మనిషి లేడు. నా చేతులున్నాయి. గోళ్ళలో నల్లరంగు ఉందే అన్నాను, ఉండనివ్వండి అంది.

పొగడ్తలు ఒక్కటీ లేవు. వాటి చోట నేనే నాలుగు మాటలు రాసిచ్చాను. మా నాన్న పేరుతో ఇంకోచోట కొన్న బూట్లు మావి కావు, లోపల అట్ట ఉంది, దయచేసి వేసుకోకండి, మా దగ్గరికి రండి, మీకు కొత్తవి కుట్టి ఇస్తాం అని. మందుల షాపావిడ వద్దంది. చెయ్యని తప్పుకి నువ్వు కుట్టివ్వడమేమిటి అంది. న్యాయంగా ఆలోచిస్తే ఆవిడ మాటే నిజం. కానీ పంతొమ్మిదిమంది తమ్ముడూ. సరిగా నడవలేనివాళ్ళు, నాన్న పేరు నమ్మి, అట్టల మీద నిలబడి ఉన్నారు. వాన వస్తే ఏమవుతారు? నాకు ఆ ఆలోచనే తెగడం లేదు. నిమిషంగారు తన ఫోన్లోంచి నీకు చదివిన పేర్లు ఏమైనా గుర్తుంటే రాయి. ఇప్పటికి ఐదుగురు వచ్చారు.

మొదట వచ్చింది కండక్టరే. చేతి కట్టు విప్పేశారు. వచ్చి కూర్చుంది గానీ బూటు విప్పలేదు. నేను ఉన్నదంతా చెప్పాను. దోమ, గడ్డం ముసలాయన, ఫోన్లో మాట్లాడే ఇంకో నేను, నీ కళ్ళు, నా చెవులు. అన్నీ చెప్పి, "ఇందులో నాకే సగం అర్థం కాలేదమ్మా, నువ్వు నమ్మాలని అనను" అన్నాను.

ఆవిడ చాలాసేపు అలమరలోని చెక్క పాదాలకేసి చూసింది. "ఇవన్నీ మనుషులవేనా?" అంది. అవునన్నాను. "వీళ్ళందరూ నడుస్తున్నారా?" అంది. ఇద్దరు పోయారు, మిగతావాళ్ళు నడుస్తున్నారని చెప్పాను. అప్పుడు వంగి, ఎడమ బూటు తాడు తనే విప్పింది.

ఆ పాదం నా ఒళ్ళో పెట్టుకున్నాక నాకు ఏడుపొచ్చింది. ఏమిటి, ఏమైంది అని ఆవిడ కంగారుపడింది. ఏమీ లేదు, రెండున్నర వేళ్ళు తక్కువ ఉంది అన్నాను. అది ఆవిడకీ తెలుసు. ఇద్దరం నవ్వాం.

నిన్న తీసుకెళ్ళింది. గది ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిచింది. బాగున్నాయా అని అడగలేదు నేను. నేల పలకలు చెప్పాయి. రెండు కాళ్ళ అదురూ ఒకేలా వచ్చింది. డబ్బు ఇస్తానంది, వద్దన్నాను, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఎల్లుండి ఆరో మనిషి వస్తున్నాడు. నడుము వంగదట, కదలకుండా నిలబెట్టి కొలవాలి. అలాంటివాళ్ళకి నాన్న ఉన్నప్పుడు ఇద్దరం కలిసి కొలిచేవాళ్ళం. ఇప్పుడు ఒక్కదాన్నే మడమ దగ్గర పట్టుకుంటే వేళ్ళ దగ్గర జారిపోతోంది. ఏడాది దాకా ఎందుకు, మరదల్ని తీసుకుని ముందే వచ్చెయ్యి. టేపు రెండో చివర పట్టుకోవడానికి చూపు అక్కర్లేదు.

నీ అక్క